రైఫిల్ తూటాలు రీలోడ్ చేసేటప్పుడు బుల్లెట్ పొడవు చూసుకోవడం ఎలా

బుల్లెట్ల డబ్బా మీద బరువు పెద్ద అంకెల్లో ఉంటుంది: 55 గ్రెయిన్లు, 69 గ్రెయిన్లు, 77 గ్రెయిన్లు (గ్రెయిన్ అంటే బుల్లెట్లనూ మందునూ తూచే చిన్న బరువు కొలత). పొడవు చాలా డబ్బాల మీద కనిపించదు. బ్యారెల్‌కి మాత్రం పొడవుతోనే పని. కొత్త బుల్లెట్ కొని, మంచి తుపాకీ మందు, మంచి కేసులు వాడి, జాగ్రత్తగా లోడ్ చేసినా టార్గెట్ మీద చిల్లులు చెల్లాచెదురుగా పడ్డాయంటే, చాలాసార్లు తప్పు ఈ పొడవు దగ్గరే ఉంటుంది. అందుకే మందు తూచే ముందు కాలిపర్ (పొడవు కొలిచే పరికరం) తీయండి.

ఒక మాట స్పష్టంగా పెట్టుకుందాం. కేసు (లోహపు గొట్టం), ప్రైమర్ (మందును అంటించే చిన్న బిళ్ల), మందు, బుల్లెట్ అన్నీ కలిసినది తూటా. కాల్చిన కేసులో మిగతావి మళ్లీ పెట్టి తూటా చేయడమే రీలోడింగ్. దాని ముందు భాగంలో కూర్చుని బ్యారెల్‌లోంచి దూసుకెళ్లేది బుల్లెట్. ఇక్కడ పొడవు అంటే ఆ బుల్లెట్ ఒక్కదాని పొడవు.

బొంగరం తిరిగినంతసేపే నిలబడుతుంది. బుల్లెట్ సంగతీ అంతే. దాని బరువు కేంద్రం కాస్త వెనక్కి ఉంటుంది, ఎదురుగాలి తోసే చోటు దానికి ముందుంటుంది. అందువల్ల గాలి ఎప్పుడూ ముక్కును పక్కకు తిప్పాలనే చూస్తుంది. బుల్లెట్ పొడుగైనకొద్దీ ఆ తిప్పుడు బలం పెరుగుతుంది, దాన్ని అడ్డుకోవడానికి బుల్లెట్ ఇంకా వేగంగా తన చుట్టూ తాను తిరగాలి. ఆ తిరుగుడు ఇచ్చేది బ్యారెల్ లోపల మెలికలుగా చెక్కిన గాళ్లు, అంటే రైఫ్లింగ్. 1:9 ట్విస్ట్ అంటే బుల్లెట్ 9 అంగుళాలు ముందుకు పోయేసరికి ఒక చుట్టు తిరుగుతుందని. రెండో అంకె చిన్నదయ్యేకొద్దీ తిరుగుడు ఎక్కువ.

బరువుకీ పొడవుకీ తేడా ఏమిటో అమెరికన్ సైన్యం ఎం16 రైఫిల్ కథ చూస్తే తెలుస్తుంది. ఎం16ఏ2కి 1:7 ట్విస్ట్ పెట్టారు. అందులో వాడే మామూలు ఎం855 బుల్లెట్ 62 గ్రెయిన్లు, దానికి 1:9 సరిపోతుంది. కానీ దాని జోడీగా వాడే ఎం856 ట్రేసర్ (దారి కనబడేలా వెలుగుతూ పోయే) బుల్లెట్ ఉంది. బరువులో ఒకటి రెండు గ్రెయిన్లే ఎక్కువ, పొడవులో మాత్రం చాలా ఎక్కువ. 1:7 అవసరమైంది ఆ ట్రేసర్ కోసమే.

ముందుగా చట్టం సంగతి

భారతదేశంలో ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. షూటింగ్ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఇంట్లో రీలోడ్ చేయవచ్చని అనుకోవద్దు. అమెరికాలో సొంత వాడకానికి రీలోడింగ్ మామూలు వ్యాపకమే, రాష్ట్రాన్ని బట్టి నియమాలు మారతాయి. అక్కడున్న మనవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి: హెచ్-1బి వంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. రీలోడింగ్ ప్రెస్ (తూటాలు చేసే యంత్రం) కొనేముందే ఇది తేల్చుకోండి.

బ్యారెల్ ట్విస్ట్ కొలవడం

బ్యారెల్ మీద చెక్కిన అంకెను నమ్మి ఊరుకోవద్దు. పాత బోల్ట్ రైఫిళ్ల మీద అసలు చెక్కి ఉండకపోవచ్చు కూడా. కొలవడం పది నిమిషాల పని.

రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూసి బోల్ట్ తీసేయండి. పిడి దగ్గర బేరింగ్ ఉండి స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్ కావాలి. జాగ్‌కి (రాడ్ కొసన బిగించే ముక్కకు) గుడ్డముక్క బిగుతుగా చుట్టి బ్రీచ్ వైపు నుంచి, అంటే బ్యారెల్ వెనక నుంచి లోపలికి తోయండి. రైఫ్లింగ్ పట్టుకున్నాక పిడి దగ్గర రాడ్ మీద చిన్న టేపు ముక్కను జెండాలా అంటించి, అది పైకి చూసేలా పెట్టండి. రాడ్ రిసీవర్‌లోకి దిగే చోట ఒక గీత గీయండి. ఇక రాడ్‌ను మెల్లగా వెనక్కి లాగండి. జెండా పూర్తి చుట్టు తిరిగి మళ్లీ పైకి వచ్చినప్పుడు రెండో గీత. ఆ రెండు గీతల మధ్య దూరమే మీ ట్విస్ట్.

ఇలా మూడు నాలుగుసార్లు చేయండి. గుడ్డ జారితే రాడ్ తక్కువ తిరుగుతుంది, కొలత అసలుకంటే పెద్దగా వస్తుంది. ఒకసారి 9, ఒకసారి 9.6, ఒకసారి 9.1 వచ్చాయంటే ఆ 9.6 జారినప్పటిదే. గుడ్డ ఇంకాస్త బిగించి మళ్లీ కొలవండి. బ్యారెల్ పొట్టిదైతే అరచుట్టు కొలిచి రెట్టింపు చేయండి.

బుల్లెట్ పొడవు కొలవడం

కాలిపర్ దవడలు తుడిచి, మూసి, సున్నా చేసి, ఒకే డబ్బాలోంచి పది బుల్లెట్లు కొలవండి. కొసన బోలుగా ఉండే హాలోపాయింట్ మ్యాచ్ (పోటీలకు చేసే) బుల్లెట్ల కొస అంత నున్నగా ఉండదు, ఒకే లాట్‌లోనే (ఒక విడతలో తయారైనవాటిలోనే) అంగుళంలో వెయ్యో వంతులు కొన్ని అటూ ఇటూ అవుతాయి. స్థిరత్వం లెక్కకు సగటు చాలు.

0.224 అంగుళం వ్యాసం ఉన్న బుల్లెట్లలో కొన్నిటి సుమారు పొడవులు: మామూలు 55 గ్రెయిన్ల ఎఫ్‌ఎంజె (పూర్తి లోహపు తొడుగు ఉన్నది) 0.74 అంగుళం, సియెర్రా 69 గ్రెయిన్ల మ్యాచ్‌కింగ్ 0.90, అదే కంపెనీ 77 గ్రెయిన్లది 0.995. మీ డబ్బాలోది మీరే కొలవండి, ఈ అంకెలు పోల్చి చూసుకోవడానికే.

రాగితో మాత్రమే చేసిన బుల్లెట్ల దగ్గర ఎక్కువమంది పొరబడతారు. సీసం సాంద్రత 11.3, రాగిది 8.96. అదే బరువు కావాలంటే రాగి బుల్లెట్ పొడుగ్గా ఉండక తప్పదు. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకు సీసం బుల్లెట్లు వాడకూడదు. అక్కడ సీసం నుంచి రాగికి మారినవారు అదే బరువు కొని, పాత 1:12 బ్యారెల్‌లో అది ఎందుకు నిలవడం లేదో తెలియక తికమకపడతారు. రాగికి మారితే ఒక మెట్టు తక్కువ బరువుతో మొదలుపెట్టండి.

ప్లాస్టిక్ కొస ఉన్న బుల్లెట్లకు రెండు కొలతలు కావాలి: కొసతో కలిపి మొత్తం పొడవు, కొస వదిలేసి లోహం పొడవు. ప్లాస్టిక్‌కు బరువు దాదాపు లేనట్టే కనుక మొత్తం పొడవు ఒక్కటే వేస్తే లెక్క అసలుకంటే తక్కువ స్థిరత్వం చూపిస్తుంది.

స్థిరత్వ సంఖ్య లెక్కకట్టడం

1879లో ఇంగ్లండ్‌లోని వూల్విచ్‌లో గ్రీన్‌హిల్ ఫిరంగి గుళ్ల కోసం ఒక సూత్రం కట్టాడు: 150ని వ్యాసం వర్గంతో గుణించి, బుల్లెట్ పొడవుతో భాగిస్తే కావాల్సిన ట్విస్ట్ వస్తుంది. సీసం బుల్లెట్లకు నోటిలెక్కగా బాగానే ఉంటుంది, కాకపోతే మరీ జాగ్రత్త మనిషి లెక్క. 77 గ్రెయిన్ల బుల్లెట్‌కు 7.5 కావాలంటుంది, నిజానికి 1:8 హాయిగా సరిపోతుంది. గ్రీన్‌హిల్ సరేనంటే నిశ్చింతగా ఉండండి, కాదన్నంత మాత్రాన బుల్లెట్‌ను పక్కన పెట్టేయకండి. తేల్చాల్సింది బరువును కూడా లెక్కలోకి తీసుకునే డాన్ మిల్లర్ సూత్రంతో.

1:9 బ్యారెల్‌లో 77 గ్రెయిన్ల బుల్లెట్‌ను చేత్తో లెక్కవేసి చూద్దాం. పొడవును వ్యాసంతో భాగించండి: 0.995 ÷ 0.224 = 4.44. ట్విస్ట్‌ను కూడా వ్యాసంతో భాగించండి: 9 ÷ 0.224 = 40.18, దాని వర్గం 1614. వ్యాసం ఘనం 0.01124. ఇప్పుడు 4.44ని (1 + 4.44 వర్గం)తో గుణిస్తే 92. కింద వేయాల్సినది 1614 × 0.01124 × 92, అంటే సుమారు 1670. పైన వేయాల్సినది 30 × బరువు, అంటే 30 × 77 = 2310. పైదాన్ని కిందదానితో భాగిస్తే 1.38. ఇదే స్థిరత్వ సంఖ్య.

ప్లాస్టిక్ కొస ఉంటే బ్రాకెట్ లోపల ఉన్న 4.44 స్థానంలో లోహం పొడవు నుంచి వచ్చిన అంకె వేయండి, బ్రాకెట్ బయట మాత్రం మొత్తం పొడవుదే ఉంచండి.

సంఖ్య 1కి దిగువ ఉంటే బుల్లెట్ పల్టీలు కొడుతుంది. 1 నుంచి 1.3 వరకు ఉంటే ఒకరోజు బాగా పడి ఇంకోరోజు పడదు. 1.4 దాటితే వాడుకోవచ్చు, 1.5 దాటితే నిశ్చింత. 1.5కి తక్కువైతే బుల్లెట్ గాలిలో కాస్త ఊగుతూ పోతుంది. 100 గజాల దగ్గర గ్రూప్ (చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయన్నది) బాగానే కనిపించవచ్చు, కానీ గాలి నిరోధం పెరిగి దూరాల్లో అనుకున్నదానికంటే కిందకి పడుతుంది, గాలికి ఎక్కువ కొట్టుకుపోతుంది.

అదే 77 గ్రెయిన్లకు 1:12లో వచ్చేది 0.78. 1:8లో 1.75, 1:7లో 2.29. 69 గ్రెయిన్లది 1:9లో 1.66, 1:12లో 0.93. బరువులో 8 గ్రెయిన్ల తేడాయే, కానీ 1:9 బ్యారెల్ ఉన్నవారికి ఒకటి నిశ్చింత, ఇంకొకటి అంచు మీద నడక.

వేగం కోసం చిన్న దిద్దుబాటు ఉంది. ఈ సూత్రం సెకనుకు 2800 అడుగుల వేగానికి కట్టినది. మీ వేగాన్ని 2800తో భాగించి, దాని ఘనమూలంతో సంఖ్యను గుణించాలి. 2750 అయితే 0.994, అంటే 1.38 కాస్తా 1.37 అవుతుంది. దీన్ని బట్టి ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి: 2700 నుంచి 2900కి వేగం పెంచినా స్థిరత్వం రెండున్నర శాతం కూడా పెరగదు. బుల్లెట్ నిలవడం లేదని మందు పెంచడం పనికిరాని మందు, పైగా ప్రమాదం.

చలి, ఎత్తు

గాలి దట్టమైతే స్థిరత్వం తగ్గుతుంది. తొలినాళ్లలో ఏఆర్-15 రైఫిల్‌కి 1:14 ట్విస్ట్ ఉండేది. ఆర్కిటిక్ చలిలో పరీక్షించినప్పుడు 55 గ్రెయిన్ల బుల్లెట్ నిలవలేదు, 1963లో దాన్ని 1:12కి మార్చారు.

దిద్దుబాటు ఇలా: ఫారెన్‌హీట్ ఉష్ణోగ్రతకు 460 కలిపి 519తో భాగించండి, ఆపైన 29.92ను మీ చోటి గాలి పీడనంతో (పాదరసం అంగుళాల్లో) భాగించి రెండింటినీ సంఖ్యతో గుణించండి. పీడనం స్టేషన్ ప్రెషర్, అంటే ఆ చోట నిజంగా ఉన్న పీడనం అయి ఉండాలి. వాతావరణ యాప్‌లో కనిపించేది సముద్రమట్టానికి సర్దినది, అది వేస్తే కొండ ఊళ్లలో లెక్క మొత్తం తప్పుతుంది.

పీడనం మార్చకుండా 1:9 బ్యారెల్, 77 గ్రెయిన్ల లోడ్ చూడండి. డాలస్ ఎండలో 95 డిగ్రీల దగ్గర 1.47. అదే తూటాను జనవరిలో మిన్నెసోటా తీసుకెళ్లి మైనస్ 10 డిగ్రీల దగ్గర కాలిస్తే 1.19. డెన్వర్ ఎత్తులో పీడనం 24.7 ప్రాంతంలో ఉంటుంది కనుక 59 డిగ్రీల దగ్గరే 1.66. వేసవిలో కుదిరిన లోడ్ చలికాలంలో చెడిపోవడానికి మందు ఒక్కటే కారణం కాదు. మీరు కాల్చబోయే అతి చల్లటి రోజుకు లెక్కవేసుకోండి.

పొడుగు బుల్లెట్ కేసులో ఎంత చోటు తింటుంది

కేసు పొడవుకు బుల్లెట్ పొడవు కలిపి, అందులోంచి తూటా మొత్తం పొడవు తీసేస్తే బుల్లెట్ ఎంత లోపల కూర్చుందో తెలుస్తుంది. పై బుల్లెట్లు వాడే .223 రెమింగ్టన్ తూటాలో ట్రిమ్ చేసిన (కత్తిరించి సరిచేసిన) కేసు 1.750 అంగుళాలు. తూటా పొడవుకు గరిష్ఠ హద్దు 2.260, ఏఆర్ మ్యాగజైన్‌లో పట్టేదీ దాదాపు అంతే. 55 గ్రెయిన్ల బుల్లెట్ 2.200కి కూర్చోబెడితే 1.750 + 0.740 − 2.200 = 0.290 అంగుళం లోపల ఉంటుంది. 77 గ్రెయిన్లది 2.260కి పెడితే 0.485. కేసు మెడ పొడవు సుమారు 0.2 అంగుళమే, మిగతాదంతా మందు ఉండాల్సిన చోటులోకి దిగినట్టే. ఆ తేడా రమారమి 2 గ్రెయిన్ల నీరు పట్టే చోటు, బోట్‌టెయిల్ (బుల్లెట్ వెనక భాగం సన్నబడే ఆకారం) ఉంటే కొంచెం తక్కువ. మొత్తం కేసులో పట్టేదే 30 గ్రెయిన్ల లోపు. చోటు తగ్గితే పీడనం పెరుగుతుంది.

అందుకే ఒక బుల్లెట్ లోడ్ డేటాను అదే బరువున్న ఇంకో బుల్లెట్‌కు వాడకూడదు. తయారీదారు పుస్తకంలో సరిగ్గా మీ బుల్లెట్ పేరు వెతకండి, అందులోని తూటా పొడవు చూడండి, ప్రారంభ మోతాదు నుంచే మొదలుపెట్టండి. పుస్తకంలో గరిష్ఠం ఒక్కటే ఇచ్చి ఉంటే దానికి 10 శాతం తక్కువతో మొదలుపెట్టాలి. రాగి బుల్లెట్‌కైతే ఇది మరీ ముఖ్యం.

కూర్చోబెట్టే లోతు కుదుర్చుకోవడం

ఇక్కడ బుల్లెట్ కొస నుంచి కొలవడం మానేయండి. కంపారేటర్ తగిలించిన కాలిపర్‌తో కేసు అడుగు నుంచి బుల్లెట్ ఓజైవ్ వరకు, అంటే వంపు మొదలై బ్యారెల్ వ్యాసం తగిలే చోటి వరకు కొలవండి. రైఫ్లింగ్‌ను తాకేది ఆ చోటే. ఓవరాల్ లెంగ్త్ గేజ్‌కు మరపెట్టిన కేసు బిగించి, మీ బుల్లెట్ దూర్చి, ఛాంబర్‌లో రైఫ్లింగ్ తగిలేవరకు వేలితో మెల్లగా నెట్టండి. గట్టిగా నెడితే బుల్లెట్ ఇరుక్కుని కొలత ఎక్కువ వస్తుంది. ఐదుసార్లు కొలిచి సగటు తీసుకోండి.

ఆ సగటుకు 0.020 అంగుళం తక్కువతో మొదలుపెట్టి 0.040, 0.060, 0.080 ఎడాలతో ఒక్కోదానికి పదేసి తూటాలు చేయండి, ఒకే మందు మోతాదుతో, ప్రారంభ మోతాదు దగ్గరే. గుండ్రటి వంపున్న టాంజెంట్ ఓజైవ్ బుల్లెట్లు ఎడం అటూ ఇటూ అయినా పెద్దగా పట్టించుకోవు. సన్నగా సాగిన సీకెంట్ ఓజైవ్‌వి మాత్రం చాలా పట్టింపు గలవి. రాగి బుల్లెట్లు 0.050 లేదా అంతకంటే ఎక్కువ ఎడం ఇష్టపడతాయి. మ్యాగజైన్ హద్దు ముందే అడ్డొస్తే ఆ హద్దులోనే వెతకండి.

బుల్లెట్‌ను రైఫ్లింగ్‌కు ఆనించి లోడ్ చేస్తే పీడనం ఎగబాకుతుంది. అంతేకాదు, కాల్చకుండా తూటా బయటకు లాగితే బుల్లెట్ బ్యారెల్‌లోనే ఉండిపోయి మందంతా యాక్షన్‌లో (బోల్ట్ కదిలే భాగంలో) ఒలికిపోవచ్చు. వేటకు ఎప్పుడూ అలా చేయొద్దు.

పొడుగు బుల్లెట్లతో వచ్చే రెండు తిప్పలు సీటింగ్ డై (బుల్లెట్‌ను కేసులో కూర్చోబెట్టే అచ్చు) దగ్గర కనిపిస్తాయి. అందులో బుల్లెట్‌ను నొక్కే స్టెమ్ లోపలి గుంట లోతు చాలకపోతే బుల్లెట్ కొస అడుగుకు తగిలి నలుగుతుంది, తూటాలు తలా ఒక పొడవు వస్తాయి. పొడవాటి బుల్లెట్లకు వేరే స్టెమ్ దొరుకుతుంది, అది వేయండి. రెండోది, మందు నిండుగా ఉన్న కేసులో బుల్లెట్ మందును నొక్కుతూ కూర్చుంటే ఓజైవ్ చుట్టూ సన్నటి వలయం గీత పడుతుంది, మర్నాటికి మందు బుల్లెట్‌ను కాస్త పైకి నెడుతుంది. పది తూటాలు చేసి రాత్రంతా ఉంచి మళ్లీ కొలవండి. పెరిగి ఉంటే, ఆ బుల్లెట్‌కు డేటా ఉన్న ఇంకాస్త సాంద్రమైన మందుకు మారండి.

కాల్చి చూడటం

మొదటి టార్గెట్ 25 గజాల దగ్గర, వెనక గట్టి అట్ట పెట్టి. చిల్లు గుండ్రంగా ఉండి చుట్టూ సమంగా నల్లటి అంచు ఉంటే సరే. ఒకవైపు సాగినట్టుంటే, తాళంచెవి కన్నంలా ఉంటే, బుల్లెట్ అడ్డంగా తగిలిందన్నమాట. అక్కడితో ఆపేయండి. అలా పోయే బుల్లెట్ రేంజ్ కట్ట దాటి ఎటైనా పోవచ్చు. ఆ తర్వాత 100, వీలైతే 300 గజాలు. 100 దగ్గర అంగుళం గ్రూప్ 300 దగ్గర మూడు అంగుళాల ప్రాంతంలో ఉండాలి. ఐదారు అంగుళాలకు పోయిందంటే, గాలి లేదనుకుంటే, మొదట అనుమానించాల్సింది స్థిరత్వాన్నే.

లెక్కలో 1.6 వచ్చి కూడా చిల్లులు సాగుతున్నాయా? అప్పుడు బ్యారెల్ కొస అంచు (క్రౌన్) దెబ్బతిందేమో, రాగి పేరుకుందేమో, బుల్లెట్ వ్యాసం బ్యారెల్‌కు చిన్నదేమో చూడండి. .311 బుల్లెట్ కావాల్సిన .303 బ్రిటిష్‌లో .308 వేస్తే ఇలాగే అవుతుంది.

తిరుగుడు మరీ ఎక్కువైతే గ్రూపుకు నష్టం కొంచెమే, అదీ బుల్లెట్ నాణ్యత తక్కువైతే. కానీ పలుచటి జాకెట్ ఉన్న చిన్న బుల్లెట్లతో జాగ్రత్త. వేగాన్ని 720తో గుణించి ట్విస్ట్‌తో భాగిస్తే నిమిషానికి చుట్లు వస్తాయి. 3200 అడుగుల వేగం, 1:7 అయితే 3,29,000 పైచిలుకు. అంత తిరుగుడుకు కొన్ని వార్మింట్ బుల్లెట్లు (చిన్న జంతువుల వేటకు వాడేవి) గాలిలోనే చిట్లి, టార్గెట్ మీద బూడిదరంగు మరక తప్ప చిల్లు ఉండదు.

పొడవు లెక్క కుదిరినా ఒకచోట బుల్లెట్ ఆకారం మోసం చేస్తుంది. .308లో సియెర్రా 168 గ్రెయిన్ల మ్యాచ్‌కింగ్ 600 గజాల దాకా చాలా మంచిది. శబ్దవేగానికి దగ్గరపడే 900, 1000 గజాల ప్రాంతంలో తడబడుతుంది. దాని బోట్‌టెయిల్ కోణం 13 డిగ్రీలు. 175 గ్రెయిన్లది అంతకంటే కాస్త పొడుగే, కానీ 9 డిగ్రీల బోట్‌టెయిల్ కావడంతో అదే దూరంలో నిలకడగా పోతుంది. మిల్లర్ సంఖ్య చెప్పేది బ్యారెల్ దాటిన తొలి దశ గురించి. 1000 గజాలు కాల్చాలంటే ఆ బుల్లెట్ శబ్దవేగం దగ్గర ఎలా ఉంటుందో విడిగా తెలుసుకోవాలి.

కుదిరిన లోడ్ డబ్బా మీద బుల్లెట్ పేరు, లాట్ నంబర్, సగటు పొడవు, ఓజైవ్ వరకు కొలత, మందు మోతాదు, స్థిరత్వ సంఖ్య, ఏ ఉష్ణోగ్రతకు లెక్కవేశారో రాసిపెట్టండి. అదే బుల్లెట్ కొత్త లాట్ కొన్నప్పుడు ముందు పది కొలిచి ఈ అంకెలతో పోల్చండి. ఓజైవ్ చోటు లాట్‌కూ లాట్‌కూ జరుగుతుంది. జరిగితే సీటింగ్ డై మళ్లీ సర్దుకోవాలి.